ఇనబియా: కంటిలోని అంగూర్ పొర

బాబ్రీ మసీదు కూలిన తర్వాత వచ్చిన ఎండాకాలం అది. జమ్మలమడుగులో మా నానీ ఇంటి దాలాన్‌లో నులకమంచం మీద మా చిన్న ఖాలా పడుకుని ఉండేది. తలకు తడిగుడ్డ బిగించి కట్టుకునేది. "సిర్ ఫట్ రా" అనేది. చెవుల్లో కీచురాళ్ళు అరుస్తున్నాయనేది. నేను నిజంగానే మంచం కింద దూరి కీచురాయి కోసం వెతికాను. పది రోజులకు ఆమె రెండు కళ్ళూ మసకబారాయి. మనుషుల మొహాలు నీళ్ళలోంచి చూస్తున్నట్టు ఉన్నాయంది. పుట్టిన బిడ్డ పోయి అప్పటికి ఆరు నెలలు. ఏడ్చి ఏడ్చి కళ్ళు పోయాయని ఇంట్లో అందరూ అనుకున్నారు.

రెండు నెలలు గడిచాక కనురెప్పల వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఇరవై రెండేళ్ళ మనిషికి. ఆ తర్వాత కనుబొమ్మలో ఒక కుచ్చు, నుదుటి పైన జుట్టులో ఒక పాయ, మెడ మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ. నేను పక్కన కూర్చుని ఆ రెప్పల్ని చూస్తుండేవాణ్ణి. పిండిమర నుంచి వచ్చిన మనిషి రెప్పల్లా ఉండేవి.

ఆమిల్ వచ్చాడు. సాయా ఉందన్నాడు. తావీజులు, దమ్ చేసిన నీళ్ళు, ఊదు పొగ. అసలే కనపడని కళ్ళకు ఆ పొగొకటి. అత్తగారింటి వాళ్ళు మచ్చ చూసి "బరస్" అన్నారు, బొల్లి అని. ఖాలూ మంచివాడే, కానీ వాళ్ళమ్మ మాట దాటేవాడు కాదు. ఏడాది తిరక్కుండా తలాక్ అయింది. పెద్ద ఊరి పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయేసరికి ఆయన చేసేది ఏమీ లేకపోయింది. నాకప్పుడు పదకొండేళ్ళు. ఆ జబ్బుకు ఒక పేరుందనీ, దానికొక తారీఖ్ ఉందనీ తెలియడానికి నాకు ఇంకో పాతికేళ్ళు పట్టింది. అదీ నా కన్ను ఎర్రబడితే తెలిసింది.

ఆరేళ్ళ కిందట రమ్జాన్‌లో ఒక రోజు సెహ్రీకి లేచాను, ఎడమ కన్ను ఎర్రగా ఉంది. సాయంత్రానికి లోపల సలుపు. మెడికల్ షాపుకు పోతే "కళ్ళ కలకలే భాయ్, ఊరంతా ఉండాది" అని చుక్కలమందు ఇచ్చాడు. కలక వస్తే పుసి కట్టాలి, పొద్దున్నే రెప్పలు అతుక్కుపోవాలి. నాకు పుసి లేదు. వెలుతురు చూస్తే మాత్రం ప్రాణం పోతోంది. ఫోన్లో వార్త టైప్ చేయలేను. అయిదు రోజులకు ఇంకో షాపులో ఇంకో సీసా ఇచ్చారు. అది రెండు రోజుల్లో జాదూలా పనిచేసింది. ఆపేశాను. వారానికి మళ్ళీ వచ్చింది, ఈసారి రెండింతలై. ఆ రెండో సీసాలో ఉన్నది స్టెరాయిడ్ అని తర్వాత తెలిసింది. షాపుల పేర్లు రాయను. ప్రతి వీధిలోనూ అదే షాపు, అదే సీసా, నాలాంటి గిరాకీ.

చివరికి ప్రొద్దుటూరులో ఒక కంటి డాక్టరు దగ్గర కూర్చున్నాను. గడ్డం ఒక దిమ్మె మీద, నుదురు ఒక పట్టీకి ఆనించి, చీకటి గదిలో సన్నటి వెలుతురు గీత నా కంట్లోకి వేశాడు. చాలాసేపు చూశాడు. బాగున్న కుడి కంట్లోకి టార్చి వేస్తే ఎడమ కన్ను కలుక్కుమంది. అది గమనించి తలాడించాడు. తర్వాత నేను ఊహించని సవాల్ ఒకటి అడిగాడు.

"నడుం నొప్పి ఏమన్నా ఉందా?"

ఉంది. పన్నెండేళ్ళుగా ఉంది. ఫజర్ నమాజులో రుకూకు వంగాలంటే నడుం చెక్కలా బిగుసుకుని ఉండేది. జుహర్‌కు మామూలు. పనిచేస్తే తగ్గేది, పడుకుంటే పెరిగేది. మోటార్‌సైకిల్ మీద వార్తల కోసం తిరిగే వాళ్ళకు ఇది మామూలే అనుకున్నాను. ఎవరితోనూ చెప్పలేదు. కన్ను చూసే డాక్టరు నడుం గురించి అడగడమేంటని ఆశ్చర్యపోతే, "మీకొచ్చింది యూవైటిస్. కంట్లో కనపడింది కానీ, కంట్లో పుట్టినట్టు లేదు" అన్నాడు.

యూవైటిస్. కొత్త మాట అనుకున్నాను. ఇంటికొచ్చి వెతుకుతూ కూర్చుంటే తెలిసింది, ఈ మాట నాకు ఎనిమిదో క్లాసు నుంచీ వచ్చు.

మా ఉర్దూ మీడియం బడిలో సైన్స్ ఉస్తాద్ కన్ను బొమ్మ గీసి భాగాలు కంఠస్థం చేయించేవారు. ఖర్నియా, ఇనబియా, షబకియా. తజ్వీద్ పాఠంలా రాగం తీసి చదివేవాళ్ళం. మానే మాత్రం ఎవరికీ తెలియదు. ఇప్పుడు విప్పి చూస్తే ఒక్కో మాటలో ఒక్కో బొమ్మ ఉంది. ఖర్న్ అంటే కొమ్ము. పల్చగా చెక్కిన కొమ్ములా అవతలికి కనిపించే పొర ఖర్నియా. షబకా అంటే వల, కంటి వెనక పరిచిన వల షబకియా. జుజాజ్ అంటే గాజు, కంటి లోపల నిండిన గాజులాంటి జిగురు జుజాజియా. ఇనబ్ అంటే అంగూర్. హైదరాబాద్ తోటల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష గుర్తుందా, ఆ అనాబే. నల్లద్రాక్ష పండు తొడిమ పీకి, లోపలి గుజ్జు తీసేసి తోలును మాత్రం చూడండి. ముదురు రంగు తోలు, ముందు గుండ్రటి చిల్లు. ఆ చిల్లే కనుపాప. ఆ తోలే ఇనబియా.

ఈ పోలిక మొదట గ్రీకు హకీం గాలెన్‌ది. మన యునానీ వాళ్ళు జాలీనూస్ అంటారు. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్హాక్ దాన్ని అరబీలోకి తెచ్చి, కంటి మీద పది మఖాలాల కితాబు రాశాడు. పదకొండో శతాబ్దంలో ఆ కితాబు లాటిన్‌లోకి వెళ్ళింది. లాటిన్‌లో ద్రాక్షను యూవా అంటారు. ఇనబియా కాస్తా యూవియా అయింది. కొమ్ము కార్నియా అయింది, వల రెటీనా అయింది. ఇవాళ హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రి బోర్డు మీద కనిపించే మాటలు బాగ్దాద్ మీదుగా తర్జుమా అయి వచ్చినవే. మా ఉస్తాద్ నేర్పిన పాఠం, ప్రొద్దుటూరు డాక్టరు చదివిన పాఠం ఒకటే. మధ్యలో వెయ్యేళ్ళు, మూడు జుబానులు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాట్సాప్‌లో మనవాళ్ళు పంపుకునే మెసేజులు నాకూ వస్తాయి, దునియాలో ఉన్న ఇల్మ్ అంతా ముసల్మానులే కనిపెట్టారని. హునైన్ ఇబ్న్ ఇస్హాక్ క్రైస్తవుడు. గాలెన్ దేవుళ్ళు వేరే. ఖర్చు పెట్టింది అబ్బాసీ దర్బారు. ఇటు చూస్తే సుశ్రుత సంహిత ఉత్తర తంత్రం కంటికి 76 రోగాలు లెక్కగట్టింది. సామాన్యమైన కంటి కలకను పట్టించుకోకపోతే అది ముదిరి లోపల చిలికినట్టు నొప్పి పుట్టించే జబ్బవుతుందని అందులో ఉంది. నా ఎడమ కంటి సంగతి అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. ఇల్మ్‌కు వతన్ అడిగితే జవాబు తిన్నగా రాదు.

సరే, ఆ అంగూర్ పొరకు వాపు వస్తే ఏమవుతుంది?

కంటిగుడ్డుకు మూడు పొరలు. బయటిది తెల్లగుడ్డు, లోపలిది రెటీనా, నడిమిది యూవియా. నడిమి పొరలో ముందు భాగం నల్లగుడ్డులో రంగుగా కనిపించే ఐరిస్, దాని వెనక కంటి నీటిని తయారుచేసే సిలియరీ బాడీ, వెనక భాగమంతా పరుచుకున్నది కోరాయిడ్. ఈ పొర నిండా నెత్తురు నాళాలు. ఒంట్లో ఎక్కడ ఫసాద్ జరిగినా ఖబర్ ఇక్కడికి చేరుతుంది. కీళ్ళలో, పేగుల్లో, ఊపిరితిత్తుల్లో, చర్మంలో, ఎక్కడైనా సరే.

ముందు భాగం వాస్తే నాకైనట్టు అవుతుంది. నొప్పి, వెలుతురు పడకపోవడం, నల్లగుడ్డు చుట్టూ ఎర్రటి వలయం, కనుపాప చిన్నదైపోవడం, చూపు మసక. కలకలో ఎరుపు రెప్పల వైపు ఎక్కువ, ఇందులో నల్లగుడ్డు అంచున ఎక్కువ. మధ్య భాగం వాస్తే నొప్పి ఉండకపోవచ్చు, కళ్ళ ముందు దోమలు, సాలీడు దారాలు తేలుతుంటాయి. వెనక భాగం వాస్తే కన్ను బయటికి తెల్లగా, సాఫ్‌గా ఉంటుంది, చూపు మాత్రం లోపల్లోపల కరిగిపోతుంది. మూడూ కలిసి వస్తే పాన్‌యూవైటిస్. నాది మొదటి రకం. ఖాలాది చివరిది అయి ఉండాలి.

ఈ జబ్బు ముసలితనం చూసి రాదు. శుక్లం అరవై దాటాక వస్తుంది, మన ఐ క్యాంపులన్నీ శుక్లాల కోసమే. నేనే ఎన్ని క్యాంపుల వార్తలు రాశానో. పచ్చగుడ్డ కట్టుకున్న ముసలివాళ్ళను వరసగా కూర్చోబెట్టి తీసిన ఫోటో, పక్కన ఎమ్మెల్యే. యూవైటిస్ ఎక్కువగా పనిచేసే వయసువాళ్ళకు వస్తుంది, ఇరవై నుంచి యాభై అరవై మధ్య. మగ్గం మీద కూర్చునే వయసు, నగలకు టాంకా వేసే వయసు, నాలాగా వార్తలు రాసే వయసు. క్యాంపులో వాళ్ళ ఫోటో ఉండదు.

చిన్నపిల్లల్లో ఇంకో రకం ఉంది, వింటే గుండె గుభేలుమంటుంది. కీళ్ళవాపు ఉన్న కొందరు పిల్లలకు కంట్లో వాపు చప్పుడు లేకుండా నడుస్తుంది. ఎరుపు లేదు, నొప్పి లేదు, పిల్ల ఏమీ చెప్పదు. బడిలో బోర్డు కనిపించడం లేదని తెలిసేనాటికి లోపల చాలా జరిగిపోయి ఉంటుంది. అందుకే మోకాలు వాచిన పిల్లకు కన్ను బాగున్నా సరే, కంటి డాక్టరుకు చూపిస్తూ ఉండాలంటారు.

పాతరోజుల్లో హకీంకు కనిపించేది బయటి ఎరుపే. లోపల చూసే సాధనం లేదు. 1801లో వియన్నాలో యోహాన్ ఆడం ష్మిట్ ఐరిస్ వాపుకు ఐరైటిస్ అని పేరు పెట్టాడు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటి వెనక భాగం చూసే ఆఫ్తాల్మోస్కోప్ చేశాడు. 1911లో స్వీడన్ డాక్టరు గుల్‌స్ట్రాండ్ స్లిట్ ల్యాంప్ చూపించాడు, నోబెల్ వచ్చిందీ అదే ఏడు. ప్రొద్దుటూరులో నా కంట్లోకి సన్నటి గీత వేసింది ఆ సాధనమే. పాత మసీదులో మధ్యాహ్నం పూట రోషన్‌దాన్ నుంచి ఎండ గీతగా పడుతుంది చూడండి, అందులో దుమ్ము రేణువులు తేలుతుంటాయి. ఎండ లేకపోతే ఆ దుమ్ము కనపడదు. బాగున్న కంట్లో ముందు గది నీరు సాఫ్‌గా ఉంటుంది, గీతలో ఏమీ తేలదు. వాపు ఉంటే తెల్లకణాలు దుమ్ములా తేలుతాయి. డాక్టరు వాటిని లెక్కపెట్టి ఎంత తీవ్రమో రాస్తాడు. కార్నియా లోపలి గోడకు ఆ కణాలు ముద్దలుగా అతుక్కుంటే చూస్తాడు. పెద్దపెద్ద ముద్దలకు ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు మటన్ కొవ్వు మచ్చలు. చల్లారిన పాయా గిన్నె అంచున చర్బీ గడ్డకట్టినట్టే ఉంటాయట. అవి కనపడితే టీబీ, సార్కాయిడోసిస్ లాంటి వాటిమీద అనుమానం పోతుంది.

వాపు తగ్గకపోతే ఐరిస్ వెనకాలున్న లెన్సుకు అతుక్కుపోతుంది. కనుపాప గుండ్రంగా ఉండక, చిరిగిన అంచులా అవుతుంది. నా ఎడమ కనుపాప ఇప్పటికీ పూర్తి గుండ్రం కాదు. షాపుల చుట్టూ తిరిగిన ఆ మూడు వారాల నిషానీ అది. అతుకు విడదీయడానికి కనుపాపను పెద్దది చేసే చుక్కలు వేస్తారు. పాత వైద్యంలో దీనికి బెల్లడోనా మొక్క వాడారు, అట్రోపిన్ దాన్నుంచి వచ్చిందే. మన దిబ్బల మీద పెరిగే ఉమ్మెత్తదీ అదే ఖాందాన్, యునానీ దుకాణంలో దొరికే ఖురాసానీ అజవాయిన్‌దీ అదే. ఉమ్మెత్త రసం పొరపాటున కంట్లో పడితే పాప పెద్దదై ఒకటి రెండు రోజులు చూపు చెదిరిపోయేది అందుకే. ఇది చదివి ఎవరూ ఉమ్మెత్త కోయొద్దు. విషం.

పేరు తెలిస్తే సరిపోదు, సబబ్ తెలియాలి. అక్కడే అసలు తిప్పలు. జ్వరానికి థర్మామీటర్ ఉన్నట్టు దీనికి ఒక్క టెస్టు లేదు. డాక్టరు వకీలులా అడుగుతూ పోతాడు. నోట్లో పుండ్లు వస్తాయా, దగ్గుందా, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా, పిల్లి ఉందా, పొలంలో నీళ్ళలో దిగుతావా, చర్మం మీద మచ్చలున్నాయా. కొన్ని సవాళ్ళు సిగ్గు పుట్టిస్తాయి. సిఫిలిస్, హెచ్ఐవీ టెస్టులు రాస్తే మా దోస్తు ఒకడు డాక్టరుతో తగాదా పడ్డాడు. సిఫిలిస్ ఏ రూపంలో అయినా కంట్లో రావచ్చు, పెన్సిలిన్‌తో నయమవుతుంది, అడక్కపోతే కన్ను పోతుంది. దాచుకోవడం వల్ల ఎవరి ఇజ్జత్ నిలబడిందో నాకు తెలియదు.

మన ముల్క్‌లో మొదట చూడాల్సింది టీబీ. ఊపిరితిత్తుల్లో ఏ లక్షణమూ లేకుండా కంట్లో మాత్రమే కనపడే టీబీ ఉంది. చేతికి వేసే సూది టెస్టు, ఎక్స్‌రే, అవసరమైతే స్కాన్. చిక్కేమిటంటే, మన దగ్గర చాలామంది ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతూనే ఉంటుంది. సూది టెస్టు పాజిటివ్ వచ్చినంత మాత్రాన కంటి వాపుకు అదే కారణమని చెప్పలేరు. అన్నీ కలిపి తూకం వేయాలి. టీబీ అని తేల్చితే మందులు సర్కారు ఉచితంగా ఇస్తుంది.

మదురైలో ఇంకో కథ జరిగింది. 1993 చివర్లో అక్కడ పెద్ద వరదలు వచ్చాయి. 1994లో అరవింద్ కంటి ఆస్పత్రికి యూవైటిస్ రోగులు ఒకరి వెనక ఒకరు రావడం మొదలైంది. డాక్టర్ ఎస్.ఆర్. రత్నం, ఆమె సాథీలు వెతికితే దొరికింది లెప్టోస్పైరా, ఎలుకల మూత్రంతో నీళ్ళలో కలిసే క్రిమి. జ్వరం వచ్చి తగ్గిపోయాక వారాలకో నెలలకో కన్ను వాస్తుంది. ఇదే క్రిమి వల్ల గుర్రాలకూ కన్ను మళ్ళీ మళ్ళీ వాచి గుడ్డితనం వస్తుంది. చంద్రుడి కళలతో పాటు వచ్చి పోతుందని నమ్మి పాత ఇంగ్లీషు సవార్లు దానికి మూన్ బ్లైండ్‌నెస్ అని పేరు పెట్టారు. చెరువుల్లో ఈదే పిల్లల కళ్ళలో ఒక చిన్న పురుగు వల్ల వచ్చే గడ్డల్ని బయటపెట్టిందీ ఆ మదురై జమాతే. సగం ఉడికిన గోష్త్, పిల్లి మలం నుంచి వచ్చే టాక్సోప్లాస్మా ఒకటుంది, అది రెటీనాను కాలుస్తుంది. హెర్పిస్ ఒకటి. ఇన్ని వెతికినా చాలామందిలో సబబ్ దొరకనే దొరకదు.

నాది దొరికింది. హెచ్ఎల్ఏ-బీ27 అనే రక్త పరీక్ష. వెన్నుపూసల వాపు, కంటి ముందు భాగం వాపు రెండూ ఈ వారసత్వ గుర్తుతో ముడిపడి ఉన్నాయని 1973లో ఇంగ్లండ్ డాక్టర్లు చూపించారు. ఒంటిని కాపలా కాయాల్సిన ఫౌజ్ ఒంటి మీదే తిరగబడటం. ఈ గుర్తు ఉన్న వాళ్ళందరికీ జబ్బు రాదు. నాకు వచ్చింది. పన్నెండేళ్ళు నడుం మీద అయొడెక్స్ రాసుకున్న వాడికి కన్ను నిజం చెప్పింది.

ఈ ఫౌజ్ బగావత్ కథల్లో నన్ను బాగా ఆకట్టుకున్నది ఇస్తాంబుల్‌ది. హులూసీ బెహ్చెత్ అక్కడ చర్మ వైద్యుడు. నోట్లో పుండ్లు, మర్మాంగాల దగ్గర పుండ్లు, కంట్లో చీము. మూడూ ఒకే రోగిలో వస్తుంటే ఇతరులు మూడు జబ్బులుగా చూశారు. ఆయన ఏళ్ళ తరబడి ఆ రోగుల్ని గమనించి, మూడూ ఒకటేనని 1937లో రాశాడు. తుర్కీలో ఇంటిపేర్ల చట్టం వచ్చాక పెట్టుకున్న పేరు బెహ్చెత్. మన ఉర్దూ బెహ్జతే అది. ఖుషీ అని మానే. ఖుషీ పేరు మీద దునియాలో ఒక గుడ్డితనం ఉంది. తుర్కీ నుంచి ఇరాన్, చైనా మీదుగా జపాన్ దాకా పాత రేషమ్ రోడ్డు వెంట ఈ జబ్బు ఎక్కువ. అందుకే సిల్క్ రోడ్ జబ్బు అంటారు.

అసలు కంటిలోపలి పొరను మన ఒంటి ఫౌజ్ మామూలుగా చూడదు. గోడ అవతల ఉంటుంది. గోడ పగిలితే అది పరాయిదనుకుని రెండో కంటి మీదకూ దండెత్తుతుంది. 1812లో ఫ్రాన్స్‌లో జీను కుట్టే పనివాడి మూడేళ్ళ కొడుకు తండ్రి ఆరెతో ఆడుకుంటూ ఒక కంట్లో పొడుచుకున్నాడు. రెండో కంటికి దెబ్బే తగల్లేదు. అయిదేళ్ళు వచ్చేసరికి అదీ పోయింది. ఆ పిల్లవాడు లూయీ బ్రెయిల్. గ్లాస్గో డాక్టరు మెకెంజీ 1830లో ఈ జబ్బుకు సానుభూతి వాపు అని పేరు పెట్టాడు. ఒక కన్ను ఏడిస్తే రెండో కన్ను తోడు ఏడ్చినట్టని.

ఖాలా సంగతి నేను హైదరాబాద్‌లో రెండోసారి చూపించుకున్నప్పుడు వచ్చింది. ఇంట్లో ఎవరికైనా కంటి జబ్బు ఉందా అని అక్కడి డాక్టరమ్మ అడిగితే, వెంట్రుకలు తెల్లబడ్డ మాట చెప్పాను. ఆమె పెన్ను ఆపింది. "ముందు తలనొప్పి వచ్చిందా? చెవుల్లో శబ్దం?" నేను కీచురాయి మాట చెప్పాను. "ఇప్పుడు చూసి ఖాయంగా చెప్పలేం. కానీ మీరు చెప్పేది విని వోట్-కొయనాగి-హరాడా అనిపిస్తోంది" అంది.

మూడు పేర్ల జబ్బు. స్విట్జర్లాండ్‌లో వోట్ 1906లో, జపాన్‌లో హరాడా 1926లో, కొయనాగి 1929లో రాశారు. ఒంట్లో రంగునిచ్చే కణాల మీద సొంత ఫౌజ్ దాడి. ఆ కణాలు చర్మంలో ఉన్నాయి, వెంట్రుకల మొదళ్ళలో ఉన్నాయి, లోపలి చెవిలో ఉన్నాయి, మెదడు పొరల్లో ఉన్నాయి, కంటి నడిమి పొరలో మరీ ఎక్కువగా ఉన్నాయి. అందుకే తలనొప్పి, అందుకే కీచురాయి, అందుకే మసక, అందుకే తెల్ల రెప్పలు. నాలుగు బలాలు అనుకున్నవి ఒక్కటే. మనలాంటి రంగు ఎక్కువున్న జాతుల్లో ఇది ఎక్కువ. మొదటి వారాల్లోనే పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఇచ్చి, నెలల తరబడి మెల్లగా తగ్గిస్తూ పోతే చాలామందికి చూపు నిలుస్తుంది. 1993లో ఆ మందు మన దేశంలో దొరికేదే. చవకే. ఆమిల్ తీసుకున్న నజరానా కంటే చవక.

ఈ మూడు పేర్ల కంటే ముందు నాలుగో పేరు ఉండాల్సింది. బాగ్దాద్‌లో వెయ్యేళ్ళ కిందట అలీ ఇబ్న్ ఈసా అనే కహ్హాల్ ఉండేవాడు. కుహ్ల్ అంటే సుర్మా, కహ్హాల్ అంటే కంటి వైద్యుడు. ఆయన రాసిన తజ్కిరతుల్ కహ్హాలీన్‌లో 130 కంటి జబ్బులున్నాయి. 1904లో జర్మన్‌లోకి, 1936లో ఇంగ్లీషులోకి వచ్చింది. ఈ జబ్బు మీద రాసే ఇవాళ్టి డాక్టర్లు, కంటి వాపుతో పాటు వెంట్రుకలు తెల్లబడటాన్ని మొట్టమొదట చెప్పింది ఆయనేనని రాస్తుంటారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గండికోటలో అంత పెద్ద జామియా మసీదు కట్టినవాళ్ళకు, గోల్కొండ సుల్తాన్ 1595లో హైదరాబాద్‌లో దారుల్ షిఫా లేపిన నాటికే ఆ ఇల్మ్ వెనక ఉంది. లండన్ మిషన్ వాళ్ళు మా ఊళ్ళోనే పెట్టిన క్యాంబెల్ ఆస్పత్రి వందేళ్ళ పాతది. మా నానీ ఇంటి దాలాన్‌లోకి మాత్రం తావీజు ఒక్కటే చేరింది.

స్టెరాయిడ్ కథ 1948లో మొదలైంది. అమెరికాలో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాపు రోగికి మొదట కార్టిజోన్ ఇచ్చాడు, 1950లో నోబెల్. అది ఆబ్-ఎ-హయాత్ కాదు. ఎక్కువకాలం వాడితే కంట్లో శుక్లం, ఒత్తిడి పెరిగి గ్లకోమా, ఒంట్లో షుగర్. ఎప్పుడు పెంచాలో, ఎలా తగ్గించాలో డాక్టరుకు తెలుసు, షాపువాడికి తెలియదు. జబ్బు మాటిమాటికీ వస్తుంటే స్టెరాయిడ్ బదులు ఫౌజ్‌ను అదుపులో పెట్టే ఇంకో మందు కావాలి. నాకు రాసింది మెథోట్రెక్సేట్.

ఆ చీటీ మీద నాకు తెలుగు కనిపించింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు సారథిగా ఉన్నప్పుడు ఆయన జట్టు ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తర్వాత దానికి విరోధుల్ని తయారుచేసింది. అవి లుకేమియా పిల్లల మీద సిడ్నీ ఫార్బర్ వాడిన మందులు. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. దేశం వదిలిన సుబ్బారావు తిరిగి రాలేదు, 1948లో అక్కడే పోయాడు. తన మందు కంటికి పనికొస్తుందని ఆయనకు తెలిసే అవకాశమే లేదు. ఇంకో కొత్త మందుతో పోల్చి 216 మంది రోగుల మీద చేసిన పరీక్ష ఫలితం 2019లో వచ్చింది. మదురై రత్నం గారు అందులో ముఖ్యులు. కొత్త మందు దీనికంటే మేలని తేలలేదు. పాతదీ, చవకదీ నిలబడింది. నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. మెథోట్రెక్సేట్ దుష్ఫలితాలు తగ్గడానికి మిగతా రోజుల్లో ఇచ్చే బిళ్ళ ఫోలిక్ ఆమ్లం. జహర్ అక్కడిదే, తోడూ అక్కడిదే.

ఈ బిళ్ళ వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుని ప్రాణం మీదకు తెచ్చుకున్నవాళ్ళున్నారు. నేను జుమ్మాకు కట్టేసుకున్నాను. జుమ్మా నమాజు, ఆ తర్వాత బిళ్ళ. కాలేయం, రక్తకణాల పరీక్షలు డాక్టరు చెప్పినప్పుడల్లా.

రమ్జాన్ మాట మిగిలింది. ఆ మొదటిసారి డాక్టరు గంటకోసారి చుక్కలు వేయమన్నాడు. రోజా పోతుందేమోనని పగలంతా మానేసి ఇఫ్తార్ తర్వాత వేసుకున్నాను. అతుకు పడటంలో దానికీ వాటా ఉంది. పదో రోజున సిగ్గు విడిచి ఇమాం సాబ్‌ను అడిగితే నవ్వాడు. కంట్లో సుర్మా పెట్టినా, మందు వేసినా హనఫీ ఫిఖ్‌లో రోజా పోదు, ఇది పాత మస్లా, ఎందుకు అడగలేదు అన్నాడు. బిళ్ళ మింగితే పోతుంది, కానీ బీమార్ అయినవాడికి రుఖ్సత్ ఉంది, తర్వాత ఖజా ఉంచుకోవచ్చు అన్నాడు. ఈ ముక్క నా కన్ను చెడకముందు ఎవరైనా రాసి ఉంటే చదివేవాణ్ణి.

ఖాలాకు ఇప్పుడు యాభై దాటాయి. మామూ ఇంట్లో ఉంటుంది. వెలుతురు, చీకటి తేడా తెలుస్తుంది. బియ్యంలో రాళ్ళు వేళ్ళతో ఏరుతుంది, ఒక్కటీ వదలదు. పోయిన బక్రీద్‌కు వెళ్ళినప్పుడు పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. అంగూర్ పొర, బాగ్దాద్ కహ్హాల్, మూడు పేర్లు. చాట ఒళ్ళో పెట్టుకుని వింది. మధ్యలో అడ్డం రాలేదు.

"వో కితాబ్ మే సాయా బోల్‌కే లిఖే క్యా బేటా?" అంది. సాయా అని రాశారా అందులో.

"నహీ ఖాలా. కంటి జబ్బుల్లో రాశారు."

కాసేపు రాళ్ళు ఏరింది.

"తేరే ఖాలూకు మాలూమ్ హై క్యా?"

ఖాలూ పోయి నాలుగేళ్ళయింది. ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేరు. నేనూ చెప్పలేదు.